దీపం లేని ఊరు: మీరడిగారు, మేం చెప్తాం

ప్రశ్న: మాస్టారూ నమస్కారం. మా అబ్బాయి జర్మనీలో గోటింగెన్‌లో ఎమ్మెస్ చేస్తన్నాడు. మొన్న ఆదివారం ఫ్రెండ్స్‌తో అడవిలో నడవడానికెళ్ళి ఒక ఫోటో పంపాడు, చెట్ల మధ్యన రాతి గుడి గోడ, అదే వాళ్ళ చర్చిది, ఒక్కటే నిలబడి ఉంది, చుట్టూ ఇల్లన్నది లేదు. బోర్డు మీద వ్యూస్టుంగ్ అని రాసుందంట. ఊరంతా ప్లేగొచ్చి ఒక్కసారే చచ్చిపోయారంట, అక్కడెవరో చెప్పారంట. నిజమేనా? గుడొక్కటే ఎందుకు మిగిలింది, ఇళ్ళేటయ్యాయి?
- ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: అమ్మా, ముందు ఆ మాట సంగతి చూద్దాం. వ్యూస్ట్ అంటే పాడుబడ్డ, బోసిపోయిన అని. వ్యూస్టుంగ్ అంటే పాడుబడ్డ ఊరు. మన రెవెన్యూ రికార్డుల్లో బేచిరాకు గ్రామం అని రాస్తారే, అదే అనుకోండి. బే అంటే లేదు, చిరాగ్ అంటే దీపం, ఫార్సీ మాట. దీపం పెట్టే మనిషి లేని ఊరు. పేరుంటుంది, సర్వే నంబర్లుంటాయి, శిస్తు కట్టేవాళ్ళుంటారు గానీ సాయంత్రమైతే వెలిగే ఇల్లొక్కటీ ఉండదు. జర్మనీలో కూడా సరిగ్గా ఇంతే, ఊరు పోయినా పొలం పేరుగానో అడవి పేరుగానో ఊరి పేరు మాత్రం అలాగే ఉండిపోయింది.

ఇలాంటివి అక్కడ ఒకటీ రెండూ కాదు. విల్‌హెల్మ్ ఆబెల్ అని వ్యవసాయ చరిత్ర రాసిన పెద్దాయన ఉండేవాడు, ఆయన లెక్క ప్రకారం 1300 ప్రాంతంలో జర్మన్ నేల మీద చిన్నా పెద్దా కలిపి 1,70,000 ఊళ్ళుంటే, తర్వాతి రెండొందల ఏళ్ళలో ఒక 40,000 పోయాయి. అంటే దగ్గరదగ్గర నాలుగింట ఒకటి. మీ వీధిలో నాలుగో ఇల్లల్లా ఖాళీ అనుకుంటే ఎలా ఉంటుందో చూడండి.

ఇంక ప్లేగు. 1348 నుంచి 1350 మధ్య జర్మనీలో జనం పిట్టల్లా రాలిపోయిన మాట నిజమే. కానీ రాత్రికి రాత్రి ఊరు ఊరంతా పోయి గుడి గంట మోగించేవాడు కూడా లేకుండా అయిపోయిందనేది కథలకి బాగుంటుంది, మట్టి తవ్వితే అలా కనబడదు. అసలు ప్లేగుకి ముందే దెబ్బ మీద దెబ్బ తగులుతూ ఉంది. 1315 నుంచి 1317 దాకా వానలు ఆగక పంట కుళ్ళిపోయి పెద్ద కరువు. 1342 జులైలో కుండపోత, మైన్ నది పొంగి వ్యూర్ట్స్‌బుర్గ్ లాంటి చోట్ల రాతి వంతెనలే కొట్టుకుపోయాయి. మనకి 2018లో తిత్లీ తుఫాను వచ్చి ఉద్దానంలో కొబ్బరి, జీడి చెట్లు పడిపోతే చెట్టు మళ్ళీ నాటుకోవచ్చు అనైనా అనుకున్నాం, అక్కడ కొండవాలు పొలాల్లో పైమన్నే కొట్టుకుపోయింది, అది ఏం నాటితే వస్తుంది చెప్పండి. అడవులు కొట్టి కొండల మీదకి ఎక్కించిన సేద్యం కదా, మొదట్నుంచీ పలచటి నేల.

ఆ మీదట ప్లేగు. దాని అసలు దెబ్బ ఏటంటే, తినే నోళ్ళు తగ్గిపోయాయి కాబట్టి ధాన్యం ధర పడిపోయింది, పనిచేసే చేతులు తగ్గిపోయాయి కాబట్టి పట్నంలో కూలి పెరిగింది, పైగా కింద మైదానంలో మంచి భూములు ఖాళీగా పడున్నాయి రండి రండి అని పిలుస్తున్నాయి. అలాంటప్పుడు కొండ మీద రాళ్ళ నేలలో రై అనే ధాన్యం గింజలు చల్లుకుని దొరకి శిస్తు కడుతూ ఎవడు కూర్చుంటాడు? ఈ ఏడు రెండు ఇళ్ళు, పై ఏడు నాలుగు ఇళ్ళు, అలా కదిలారు. మన ఊళ్ళలోంచి హైదరాబాదు, చెన్నై, సూరత్ వలసలు వెళ్ళడం చూసిన వాళ్ళకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు, తాళాలేసిన ఇళ్ళ వరస చూస్తే తెలిసిపోతుంది.

అలాగని అన్ని ఊళ్ళూ మెల్లగానే పోయాయనీ కాదు. హార్జ్ కొండల దగ్గర క్యోనిగ్స్‌హాగెన్ అనే ఊరు 1420 ప్రాంతంలో తగలబడి పోయింది, దాన్ని తర్వాత వాల్టర్ యాన్సెన్ తవ్వి చూశాడు. అదే హార్జ్‌కి దక్షిణం వైపు హోహెన్‌రోడె అనే ఇంకో ఊరిని 1935 నుంచి 1937 దాకా పౌల్ గ్రిమ్ తవ్వాడు, కోటలూ మఠాలూ కాకుండా రైతుల ఊరిని ఒక ఊరిగా తవ్వి చూడటం అప్పటికి కొత్త. రోడె అంటే అడవి కొట్టి చదును చేసిన చోటు. ఊరి పేరులోనే దాని పుట్టుక ఉంది, చివరికి మళ్ళీ అడవే వచ్చి కప్పేసింది.

ఇప్పుడు మీరడిగిన అసలు సంగతి, ఇళ్ళేటయ్యాయి అని. నేను చూసిన ఒక్కటి చెప్తాను. మా మేనత్తోళ్ళ ఊరు రిజర్వాయర్ కింద పోయింది. ఖాళీ చేసే రోజుల్లో నేను వెళ్ళాను, మామయ్య ఇంటి ముందు కూర్చుని పెంకులు దించి లెక్కపెడుతున్నాడు, పగిలినవి ఒక పక్క మంచివి ఒక పక్క. ద్వారబంధం ఊడదీసి బండెక్కించారు, దాని మీద పసుపు బొట్లు ఇంకా అలాగే ఉన్నాయి. దూలాలు, వాసాలు, పెరట్లో సన్నికల్లు, ఏదీ వదల్లేదు. మిగిలింది మట్టి గోడలు, అవి రెండు వానలకి కరిగిపోయాయి. రామమందిరం మాత్రం అలాగే ఉంచేశారు, ఎవరికీ చెయ్యి ఆడలేదు.

జర్మన్ రైతుల ఇళ్ళు కూడా చాలావరకు ఇదే తంతు. భూమిలో పాతిన కర్ర స్తంభాలు, మధ్యలో తడిక, దాని మీద మట్టి మెత్తు, పైన గడ్డి. మన చుట్టిల్లు చూసినవాళ్ళకి కొత్త కాదు, ఆకారం గుండ్రంగా కాకుండా పొడుగ్గా ఉంటుంది అంతే. పనికొచ్చే కర్ర పట్టుకుపోయారు, లేనిది కుళ్ళిపోయింది. గుడి రాతిది కాబట్టి నిలబడింది. పైగా ఊరు ఖాళీ అయ్యాక కూడా చాలా చోట్ల పక్క ఊరి జనం వచ్చి ఆ గుడిలో ప్రార్థన చేసుకోవడం, శవాల్ని అక్కడే పూడ్చడం కొన్నాళ్ళు సాగింది. మీ అబ్బాయిని ఈసారి వెళ్తే గోడ చూడటం మానేసి నేల చూడమనండి. చెట్ల కింద నేల అలలు అలలుగా పొడుగ్గా గట్లు గట్లుగా ఉంటే అది పాత పొలం, ఒకే దిక్కుగా దున్ని దున్ని మన్ను మధ్యలోకి ఎగదోసిన గుర్తు. ఆ మీద మళ్ళీ నాగలి పడలేదు, అడవి పెరిగింది కాబట్టి ఆరేడొందల ఏళ్ళయినా చెరగలేదు. ఇప్పుడు విమానం నుంచి లేజర్ వేసి ఆకుల కింద నేలని కొలిచి కంప్యూటర్లో ఈ గట్లన్నీ గీసేస్తున్నారు.

ప్రశ్న: గుడి కూడా లేకుండా పోతే, స్తంభాలు కూడా కుళ్ళిపోతే, ఇక్కడ ఊరుండేదని ఎలా పోల్చుకుంటారండి? బంగారం గట్రా దొరుకుతాదా?
- ఒక పాఠకుడు, పొందూరు

జవాబు: స్తంభం కుళ్ళిపోయినా దాని గొయ్యి పోదు బాబూ. పైన మన్ను పొరగా గీకేస్తే పసుపుపచ్చ నేలలో నల్లటి గుండ్రటి మచ్చ కనిపిస్తుంది, ఆ మచ్చలు వరసగా కలిపితే ఇల్లు. బంగారం ఆశ పెట్టుకోకండి, రైతుల ఊరు అది. బూడిద రంగు కుండ పెంకులు, తుప్పు పట్టిన కత్తి, గుర్రం నాడా, కదురు బిళ్ళ, ఇవీ దొరికేవి. కొన్ని ఊళ్ళలో నేలలోకి దించి కట్టిన చిన్న గుంట ఇళ్ళుండేవి, వాటిలో మట్టితో చేసిన మగ్గం బరువులు దొరుకుతాయి, అంటే కొన్నిటిలో నేత నేసేవాళ్ళు. నేలలో చెమ్మ ఉంటే నార నూలు తెగదు అని అంటారు. పొందూరోళ్ళకి గుంట మగ్గం గురించి నేను చెప్పడమేటి, తప్పయితే ఉత్తరం రాసి తిట్టండి.

మచ్చ కూడా కనబడకపోతే మట్టినే అడుగుతారు. ఇది నాకు భలే ఇష్టమైన భాగం. మనిషి ఉన్న చోట పేడ, బూడిద, ఎముకలు, ఎంగిలి, అన్నీ నేలలో కలుస్తాయి కదా, అందులో ఉండే ఫాస్ఫేటు మట్టిని పట్టుకుని వందల ఏళ్ళు వదలదు. స్వీడన్లో ఆరేనియస్ అనే ఆయన చక్కెర దుంప పండించడానికి పొలాల మట్టి పరీక్ష చేస్తూ, పాత ఊళ్ళున్న చోట ఫాస్ఫేటు ఎక్కువుండటం గమనించాడు. జర్మనీలో వాల్టర్ లోర్ష్ దీన్నే పట్టుకుని పాడుబడ్డ ఊళ్ళు వెతికాడు. అడుగడుక్కీ మట్టి తీసి పరీక్ష చేసి మ్యాపులో పెడితే, ఎక్కువున్న చోట ఊరు, తక్కువున్న చోట పొలం.

అయితే మనోళ్ళకి ఇది ల్యాబు లేకుండానే తెలుసు. నా చిన్నప్పుడు ఎండాకాలం మా పక్కూరి పాటిదిబ్బ మీదకి బళ్ళు కట్టుకుని వెళ్ళేవారు పాటిమన్ను కోసం. పార వేస్తే మెత్తగా నల్లగా బూడిదలా దిగేది, మధ్యలో గాజు ముక్కలు, కుండ పెంకులు. అవి ఏరి గట్టున పడేసి మన్ను చేలో చల్లేవారు, ఎరువు కొనక్కర్లేదు అని. పాటి అంటే పాత ఊరు. నాలుగొందల బళ్ళు తోలితే దిబ్బ సగానికి తగ్గిపోయింది, చరిత్ర పంటలోకి వెళ్ళిపోయింది. నేనూ ఆ బండి వెనకాల కూర్చుని ఎర్ర గాజు ముక్కలు ఏరుకున్నవాణ్ణే కాబట్టి ఎవర్నీ ఏమీ అనలేను.

ప్రశ్న: మా పొలంలో కూడా పాత ఊరుండేదని, గుడి గంట భూమిలో ఉందని మా తాత అనీవోడు. జేసీబీ పెట్టి చూడొచ్చా?
- ఒక పాఠకుడు, టెక్కలి

జవాబు: వద్దు. జర్మనీలో కూడా పాడుబడ్డ ఊరన్నాక గంట కథ ఉండాల్సిందే, ఆడపంది ముట్టెతో తవ్వుతుంటే గుడి గంట బయటపడిందని ఎన్నో చోట్ల చెప్తారు. ఊరెలా పోయిందని అడిగితే చాలా చోట్ల 1618 నుంచి 1648 దాకా జరిగిన ముప్ఫై ఏళ్ళ యుద్ధంలో స్వీడన్ సైనికులు తగలబెట్టారంటారు, తీరా చూస్తే వాటిలో ఎక్కువ ఊళ్ళు అంతకి రెండొందల ఏళ్ళ ముందే ఖాళీ. అందుకని తాతగారి మాటలో ఊరుండేదన్నది నమ్మండి, గంట సంగతి పక్కన పెట్టండి. ఈ జిల్లాలోనే శాలిహుండం కొండ మీద బౌద్ధ స్తూపాలున్న సంగతి 1919లో గిడుగు రామమూర్తి పంతులుగారు కనిపెట్టారు, జేసీబీ లేకుండానే.

జేసీబీ ఒక్కసారి బకెట్ దించిందంటే ఆ నల్ల మచ్చలన్నీ కలిసిపోతాయి, ఇంక ఎవరూ చదవలేరు. దున్నుతుంటే పెంకులు, రాతి ముక్కలు పైకొస్తే ఏ చెక్కలో దొరికాయో రాసుకుని ఫోటో తీసి పురావస్తు శాఖ వాళ్ళకి చెప్పండి. నిజంగా గంటే దొరికితే 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ఉంది, పది రూపాయల విలువ దాటినది ఏది భూమిలో దొరికినా కలెక్టరుకి చెప్పాలి. అవును, పది రూపాయలే.