బ్రిటిష్ టీవీ సీరియల్ ‘కరోనేషన్ స్ట్రీట్’లో హేలీ, రాయ్‌లకు 1999లో చట్టబద్ధంగా పెళ్లి ఎందుకు కాలేదు?

వివాహ విషయంలో అప్పటి బ్రిటిష్ చట్టం జనన ధ్రువపత్రంలో నమోదైన లింగాన్నే లెక్కలోకి తీసుకునేది కాబట్టి, ట్రాన్స్ మహిళ అయిన హేలీకి రాయ్‌తో 1999లో జరిగిన వేడుకకు చట్టపరమైన విలువ లేదు.

శస్త్రచికిత్స చేయించుకున్నా ఆ పత్రంలోని లింగం మారేది కాదు. స్వలింగ వివాహానికి అప్పటికి చట్టంలో చోటు లేనందున, కాగితాల ప్రకారం ఇద్దరూ పురుషులైన జంటకు పెళ్లి నమోదు చేసుకునే దారే లేదు. 1998లో ఈ సీరియల్‌లోకి వచ్చిన హేలీ, బ్రిటిష్ సీరియళ్లలో తొలి ప్రధాన ట్రాన్స్‌జెండర్ పాత్ర గనుక, ఈ చిక్కు లక్షలాది ఇళ్లలో చర్చకు వచ్చింది. 2004 నాటి లింగ గుర్తింపు చట్టం మరుసటి ఏడాది అమల్లోకి వచ్చాక, దాని కింద లింగ గుర్తింపు పత్రం పొందినవారు తమ లింగం ప్రకారం పెళ్లాడే వీలు కలిగింది. కథలోనూ 2010లో వారికి మళ్లీ, ఈసారి చట్టబద్ధంగా, వివాహం జరిగింది.

ఈ పాత్రకు దక్కిన ఆదరణ వల్లే చట్టం మారిందని చాలామంది అనుకుంటారు. జనాభిప్రాయంపై దాని ప్రభావాన్ని తీసిపారేయలేము గానీ, ప్రభుత్వానికి మార్పు తప్పనిసరి చేసినది ట్రాన్స్ మహిళ క్రిస్టీన్ గుడ్‌విన్ బ్రిటన్‌పై వేసిన కేసులో 2002లో యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం ఇచ్చిన తీర్పు. అలాగే, హేలీగా నటించిన జూలీ హెజ్‌మండాల్ష్ ట్రాన్స్‌జెండర్ వ్యక్తి కారు.