సింహాసనాన్ని వదిలేసి సిపాయి దగ్గర మొదలుపెట్టండి

పాఠకుల ప్రశ్నలు, పుస్తకాల జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు వార్‌హామర్ 40,000 అనే బల్ల మీద ఆడే బొమ్మ సైన్యాల ఆట, దాని లోకంలో నడిచే నవలల గురించే ఉన్నాయి. కాబట్టి శీర్షిక మొత్తం వాటికే ఇస్తున్నాను.

ప్రశ్న: మేడమ్, ‘స్పేస్ మెరీన్ 2’ గేమ్ ఆడిన తర్వాత ఆ లోకం మీద వచ్చిన నవలలు చదవాలనిపించింది. వెతికితే ‘హోరస్ హెరెసీ’ అని యాభైకి పైగా పుస్తకాల వరుస కనిపించింది. దాన్నే మొదటి నుంచి పట్టుకోవాలా? నాకు ఇంటర్ దాకా తెలుగు మీడియం.
– డిగ్రీ విద్యార్థి, మిర్యాలగూడ

జవాబు: వద్దు తమ్ముడూ. అందులో మంచి పుస్తకాలున్నాయి గానీ మొదలుపెట్టాల్సింది అక్కడ కాదు. 2006లో డాన్ అబ్నెట్ రాసిన ‘హోరస్ రైజింగ్’తో మొదలై ఆ వరుస 54 సంపుటాలు నడిచింది. అది చాలదన్నట్టు ‘సీజ్ ఆఫ్ టెర్రా’ పేరుతో ఇంకో వరుస వచ్చింది. 2024లో గానీ కథ ముగియలేదు. చెప్పేదేమో పదివేల ఏళ్ల కిందటి ముచ్చట: చక్రవర్తి ముద్దుల కొడుకు హోరస్ తండ్రి మీదే తిరగబడటం. దాని ముగింపు ఏమిటో ఆట ఆడేవాళ్లందరికీ ముందే తెలుసు. ఆ తిరుగుబాటు తర్వాత లోకం ఏ గతి పట్టిందో చూసినవాళ్లకే ఆ పాత కథ గుండెకు తగులుతుంది.

నువ్వు గేమ్‌లో టైటస్ అనే స్పేస్ మెరీన్ వెంట నడిచావు. యుద్ధం కోసమే ఒళ్లు మార్చి తయారుచేసిన ఆ సైనికులకు భయం తెలియదు. భయం తెలియని మనిషి వెంట ఎంత దూరం పోయినా ఆ లోకం ఎంత భయంకరమైందో మనకు అందదు.

అసలు సంగతి ఇది. పది లక్షల గ్రహాల మీద మనుషులున్నారు. అందరికీ ఒకడే చక్రవర్తి. ఆయన పదివేల ఏళ్లుగా భూమి మీద బంగారు సింహాసనంలో కదలక మెదలక పడి ఉన్నాడు. బతికున్నాడనలేం, పోయాడనలేం. ఆ సింహాసనం కోసం రోజుకు వెయ్యి మంది ప్రాణాలు ధారపోస్తారు. ఆయన నోరు విప్పడు. అక్కడ మాట్లాడేవాళ్లంతా ఆయన పేరు మీద మాట్లాడేవాళ్లే. ప్రతి గ్రహమూ కప్పం కట్టాలి. సరుకూ కట్టాలి, సిపాయిలనూ కట్టాలి.

మాది సూర్యాపేట పక్క పల్లె. మా నాయనమ్మ నిజాం నవాబును జన్మలో చూడలేదు. ఆయన పేరు చెప్పి లెవీ ధాన్యం కొలుచుకుపోయినవాళ్లను చూసింది. గడి ముందుకు రాగానే చెప్పులిడిచి చేత పట్టుకున్నవాళ్లను చూసింది. ఈ నవలల్లోని ఇంపీరియం అనే సామ్రాజ్యం నాకు ఆమె మాటల వల్లే అర్థమైంది. కనపడని రాజు ఎంత దూరంలో ఉంటే, ఆయన పేరు చెప్పుకునేవాడికి ఊరి మీద అంత పట్టు. అందుకే ఎవరన్నా దీన్ని మానవజాతి వీరగాథ అంటే నేను ఒప్పుకోను. బయట రాక్షసులున్న మాట నిజమే. లోపలి పాలన కూడా రాక్షసమేనన్న సంగతి ఈ లోకం గురించి రాసే మంచి రచయితలు మరిచిపోరు.

నువ్వు అబ్నెట్ 2001లో రాసిన ‘జీనోస్’తో మొదలుపెట్టు. గ్రెగర్ ఐజెన్‌హార్న్ అనే ఇన్‌క్విజిటర్ తన కథ తానే చెప్తాడు. ఇన్‌క్విజిటర్ అంటే చక్రవర్తి పేరు మీద ఎవరినైనా పట్టుకుని, విచారించి, చంపేయగల అధికారి. మొదటి అధ్యాయంలో హ్యూబ్రిస్ అనే గ్రహం వస్తుంది. అది తన సూర్యుడికి దూరం జరిగి నెలల తరబడి చీకట్లో గడ్డకట్టే కాలంలో, అక్కడి కలవారంతా సమాధుల్లాంటి భవనాల్లో మంచు నిద్రలో పడుకుంటారు. కాపలావాళ్లే మేలుకుని ఉంటారు. ఐక్లోన్ అనే నేరస్థుణ్ణి తరుముతూ ఐజెన్‌హార్న్ అక్కడికి వస్తాడు. అంతలో ఆ నిద్ర చెదిరిపోతుంది. వేల మంది కళ్లు కనపడక, ఒళ్లు స్వాధీనంలో లేక, చీకట్లో తడుముకుంటూ చనిపోతుంటారు. ఐజెన్‌హార్న్ మాత్రం నేరస్థుడి వెనకాలే పోతాడు. ఆ అధ్యాయం చదివితే ఆ మనిషి ఎలాంటివాడో, ఆ రాజ్యం ఎలాంటిదో రెండూ తెలిసిపోతాయి. తర్వాతి రెండు, ‘మాలియస్’, ‘హెరెటికస్’. మంచి కోసమే గదా అని తనకు తాను ఒక్కొక్క సడలింపు ఇచ్చుకుంటూ, తాను ఇన్నాళ్లూ వేటాడినవాళ్ల దారిలోకే అతను జారిపోతాడు. ఈ లోకంలో వచ్చిన పుస్తకాల్లో ఇంత నిజాయితీగా ఒక పతనాన్ని చూపించినవి తక్కువ.

తెలుగు మీడియం అని వెనక్కి తగ్గకు. అబ్నెట్ వాక్యం చిన్నది. కష్టమంతా కల్పిత పేర్లతోనే. అవి ఏ డిక్షనరీలోనూ ఉండవు, ఇంగ్లిష్ ఇంట్లో పుట్టినవాళ్లకూ కొత్తే. నాలుగైదు అధ్యాయాలు పోతే అవే అలవాటవుతాయి. మూడు నవలలూ కలిపి ‘ఐజెన్‌హార్న్’ పేరుతో ఒకే సంపుటంగా వచ్చాయి. అచ్చు ప్రతి దొరక్కపోతే ఈ-బుక్ కొనుక్కో. ఆడియో కూడా ఉంది. ఆడియో వింటూ కళ్లతో పేజీ వెంట పోతే చదివే వేగం దానంతట అదే వస్తుంది. మా కాలేజీ పిల్లలకు నేను ఎప్పుడూ చెప్పేది ఇదే.

ప్రశ్న: మా తాతల ఊరు శ్రీశైలం ప్రాజెక్టు ముంపులో పోయింది. మా అబ్బాయి రాత్రింబవళ్లు ఈ నవలలే చదువుతున్నాడు. గ్రహాలు పేలిపోవడం, లక్షల మంది చావడం తప్ప వీటిలో ఏముంది? ఊరు పోగొట్టుకున్న మనిషికి ఏమనిపిస్తుందో ఈ రచయితల్లో ఎవరన్నా రాశారా?
– పాఠకుడు, కొల్లాపూర్

జవాబు: రాశారండీ. మీ ఉత్తరం చదవగానే నాకు ‘గాంట్స్ గోస్ట్స్’ నవలలు గుర్తొచ్చాయి. ఇవీ అబ్నెట్‌వే. మొదటిది ‘ఫస్ట్ అండ్ ఓన్లీ’ 1999లో వచ్చింది. మీ అబ్బాయి దగ్గర ఉండే ఉంటుంది, అడిగి చూడండి.

టానిత్ అనేది అడవుల గ్రహం. అక్కడి నాల్ చెట్లు ఉన్నచోట ఉండవు, మెల్లగా జరుగుతుంటాయి. నిన్నటి బాట ఇవాళ ఉండదు. అట్లాంటి అడవిలో పుట్టి పెరిగినవాళ్లు గనక టానిత్ మనుషులకు దిక్కు తెలియడం పుట్టుకతో వస్తుంది. సామ్రాజ్యానికి కప్పంగా అక్కడ మొదటిసారి పటాలాలను కూడగడతారు. వాళ్లు ఓడలెక్కుతున్న రోజే శత్రు నౌకలు వచ్చిపడతాయి. ఆ సైన్యాన్ని నడిపించడానికి వచ్చిన ఇబ్రం గాంట్ ముందు రెండే దారులు: అందరూ అక్కడే ఉండి పోరాడి చావడం, లేదా దక్కినవాళ్లను దక్కించుకుని వెళ్లిపోవడం. ఆయన వెళ్లిపోతాడు. వెనక గ్రహం కాలిపోతుంది. మిగిలింది ఒక్క పటాలం. మొదటిదీ అదే, చివరిదీ అదే.

ఇక్కడి నుంచి అబ్నెట్ రాసిన తీరు చూడండి. గాంట్ తమ ప్రాణాలు కాపాడాడని ఆ సిపాయిలు దండం పెట్టరు. మా గడ్డ మీద మమ్మల్ని చావనివ్వలేదని పళ్లు కొరుకుతారు. రాన్ అనే మేజర్ అయితే అవకాశం దొరికితే ఆయన్ను చంపాలనే చూస్తుంటాడు. ఆ పగ ఒక పుస్తకంతో తీరిపోదు. సంపుటాల తరబడి రూపం మారుతూ పోతుంది తప్ప మాసిపోదు. పటాలంలో మైలో అనే కుర్రాడు ఉంటాడు. అతను సిపాయి కాదు, టానిత్ నుంచి బయటపడ్డ ఒకే ఒక్క మామూలు పౌరుడు. వాళ్ల ఊళ్ల పాటలు వాయిద్యం మీద ఊదుతుంటాడు. కొందరికి అవి వినాలని ఉంటుంది, కొందరు విని తట్టుకోలేరు. యుద్ధరంగంలో వీళ్లకు పేరు తెచ్చిపెట్టేది ఏమిటో తెలుసా? చప్పుడు కాకుండా నడవడం, దారి తప్పకపోవడం. అడవి పోయినా అడవి నేర్పింది వాళ్ల వెంటే ఉంది.

గెలిచిన ఒక గ్రహంలో స్థిరపడే హక్కు గాంట్‌కు ఇస్తామని పైవాళ్లు మాటిచ్చి ఉంటారు. ఆ నేలను తన మనుషులకే పంచాలని ఆయన కోరిక. ఆ మాట ఎప్పుడు నెరవేరుతుందో, అసలు నెరవేరుతుందో లేదో అన్న దిగులు సిపాయిల కబుర్లలో తిరుగుతూనే ఉంటుంది. పునరావాసం కోసం ఎదురుచూసిన ఇంట్లో పుట్టినవారు కాబట్టి ఆ పేజీలు మీకు నాకంటే బాగా అర్థమవుతాయి.

మూడో నవల ‘నెక్రోపోలిస్’ను మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వదలొద్దు. వెర్వన్‌హైవ్ అనే మహానగరం ముట్టడిలో నేలమట్టమవుతుంది. దాని తర్వాత ఆ నగరం వాళ్లు కూడా కొందరు, ఆడవాళ్లతో సహా, గాంట్ పటాలంలో చేరతారు. అప్పుడు పాతగా ఇల్లు పోయినవాళ్లకూ కొత్తగా ఇల్లు పోయినవాళ్లకూ మధ్య ఎడం మొదలవుతుంది. మా దుఃఖం వేరు, మీ దుఃఖం వేరు అన్న పంతం. అక్కడ అబ్నెట్ ఎవరి పక్షమూ తీసుకోడు. మొదటి మూడు నవలలు ‘ద ఫౌండింగ్’ పేరుతో ఒకే సంపుటంలో దొరుకుతాయి. మీరూ మీ అబ్బాయీ కలిసి చదివితే నాకు చాలా సంతోషం.

ప్రశ్న: మా పాప ఆరో తరగతి. అన్నయ్య పుస్తకాలు లాక్కుని చదవబోతోంది. చదవనివ్వొచ్చా?
– ఒక తల్లి, వనపర్తి

జవాబు: ఇప్పుడే వద్దమ్మా. పెద్దల నవలల్లో చిత్రహింసలు, రక్తపాతం చాలా వివరంగా ఉంటాయి. తనకు అదే లోకం కావాలంటే పిల్లల కోసమే ‘వార్‌హామర్ అడ్వెంచర్స్’ అని వేశారు. 2019లో కేవన్ స్కాట్ రాసిన ‘అటాక్ ఆఫ్ ద నెక్రాన్’తో మొదలుపెట్టండి. ఆరో తరగతి పాపకు సరిపోతుంది. అన్నయ్య పుస్తకాలు ఎటూ పోవు, పదో తరగతి అయ్యాక చదువుకోవచ్చు.

ప్రశ్న: బొమ్మలమ్ముకునే కంపెనీ తన బొమ్మల కోసం తానే వేయించుకున్న పుస్తకాలను మీరు సాహిత్యం అని సిఫారసు చేయడం నాకు నచ్చలేదు.
– విశ్రాంత ఉపాధ్యాయుడు, నల్లగొండ

జవాబు: నమస్కారం సార్. మీరన్నదాంట్లో నిజముంది కాబట్టి సూటిగానే చెప్తాను. ఇది బల్ల మీద ఆడే ఆట. ప్లాస్టిక్ ముక్కలు అతికించి వేలెడంత సిపాయిలను తయారుచేసి, సన్నటి కుంచెతో రంగులేసి, టేపు పెట్టి ఇంచుల్లో కొలిచి జరుపుతూ, పాచికలు వేసి యుద్ధం ఆడతారు. ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో ఉన్న గేమ్స్ వర్క్‌షాప్ దాన్ని 1987లో తెచ్చింది. ఆట నియమాల మొదటి పుస్తకం రాసింది రిక్ ప్రీస్ట్‌లీ. నవలలు వేసే బ్లాక్ లైబ్రరీ కూడా ఆ కంపెనీదే, 1997లో పెట్టారు. కొత్త బొమ్మ వచ్చిన నెలలోనే దాని మీద నవల రావడం కూడా చూస్తుంటాం. అట్లాంటివాటిలో చాలావరకు తుపాకుల మోతే. వాటిని నేను ఎవరికీ చెప్పను.

కానీ ఎవరు డబ్బిచ్చి రాయించారన్నదాన్ని బట్టే పుస్తకాన్ని తీసిపారేస్తే రాజుల కొలువుల్లో పుట్టిన మన ప్రబంధాల్లో ఎన్నిటిని పక్కన పెట్టాలి సార్? చూడాల్సింది, ఆ కట్టుబాట్లలో ఉండి కూడా రచయిత ఏం చేయగలిగాడన్నది. ఆటకు యుద్ధం ఆగకూడదు. అందుకే ఆ లోకానికి శాంతి రాదు, సింహాసనం మీద ఉన్నాయన లేవడు, చావడు. లోకం మారనప్పుడు రచయితకు మిగిలేది మనిషి ఒక్కడే. బల్ల మీద పాచిక ఎదురు తిరిగితే బొమ్మను తీసి పక్కన పెడతారు. ఆ పక్కన పెట్టిన బొమ్మకు ఒక పేరు, ఒక ఊరు, ఒక దిగులు ఉంటాయని ఈ నవలల్లో మంచివి చూపిస్తాయి. అసలు బ్లాక్ లైబ్రరీ పుట్టకముందే, 1990లో, సైన్స్ ఫిక్షన్‌లో అప్పటికే పేరున్న ఇయాన్ వాట్సన్ ఈ లోకం మీద ‘ఇన్‌క్విజిటర్’ రాశాడు.

మీకు ఒక్క పుస్తకం చెప్తాను. రాబర్ట్ రాత్ 2020లో రాసిన ‘ది ఇన్ఫినిట్ అండ్ ద డివైన్’. ఇందులో మనుషులు ముఖ్యం కాదు. కోట్ల ఏళ్ల కింద చావుకు భయపడి, ఒళ్లు వదిలేసి లోహపు శరీరాల్లోకి మారిన నెక్రాన్‌లు ముఖ్యం. వాళ్లలో ట్రేజిన్ అనేవాడు చరిత్రనంతా పట్టి తన మ్యూజియంలో దాచుకుంటాడు. ఓరికాన్ అనేవాడు నక్షత్రాల లెక్కలు వేసి రాబోయే కాలాన్ని చదువుతాడు. ఒక పాత వస్తువు కోసం ఇద్దరూ వేల ఏళ్లు తగువులాడుకుంటారు. వాళ్ల తగువు కింద ఒక గ్రహం మీద నాగరికతలు పుట్టి, పెరిగి, నలిగి పోతుంటాయి. వాళ్లు సరిగ్గా గమనించరు కూడా. ఒకప్పుడు తమకూ ఒళ్లుండేదన్న జ్ఞాపకం మాత్రం అప్పుడప్పుడు వాళ్లను పట్టి కుదుపుతుంది. ఆ లోకం గురించి ముందు ఏమీ తెలియకపోయినా చదవొచ్చు. చదివాక కూడా మీ అభిప్రాయం మారకపోతే మళ్లీ ఉత్తరం రాయండి, ఇక్కడే వేస్తాను.

ప్రశ్న: నేను ఆస్పత్రిలో నర్సుని, రాత్రి డ్యూటీలు ఎక్కువ. చావులు ఇక్కడ చూసేవే చాలు. నవ్వించేది ఏదన్నా ఉందా అక్కా?
– నాగర్‌కర్నూల్

జవాబు: ఉంది చెల్లె. శాండీ మిచెల్ 2003లో రాసిన ‘ఫర్ ద ఎంపరర్’. సయాఫస్ కెయిన్ ఒక కమిస్సార్, అంటే సిపాయిలు వెనకడుగు వేయకుండా చూసే అధికారి. అతన్ని లోకమంతా మహావీరుడంటుంది. తాను మాత్రం ఎప్పుడూ ప్రాణం దక్కించుకునే దారే వెతికానని రహస్యంగా రాసి పెట్టుకుంటాడు. ప్రమాదం నుంచి తప్పించుకుపోబోయి ప్రతిసారీ ఇంకా పెద్దదానిలో పడతాడు. పక్కన జర్గెన్ అని ఒక సహాయకుడు. దగ్గరికి వస్తే కంపు, కానీ కష్టంలో వదిలిపోడు. మరి కెయిన్ నిజంగా పిరికివాడేనా అన్నది చదివేకొద్దీ నీకే సందేహం వస్తుంది. అధ్యాయాలు చిన్నవి, డ్యూటీ మధ్యలో ఆపి మళ్లీ అందుకోవచ్చు. అతని రాతప్రతిని ఆంబర్లీ వేల్ అనే ఇన్‌క్విజిటర్ సరిదిద్దుతూ పేజీల కింద ఫుట్‌నోట్లు రాస్తుంటుంది. వాటిని దాటేసి పోకు, సగం నవ్వు అక్కడే ఉంది.