పెర్ల్ హార్బర్ దాడి డిసెంబర్ 7న, మలయా దాడి డిసెంబర్ 8న: మరి ముందు జరిగింది ఏది?

ముందు జరిగింది మలయా దాడే. 1941లో, రెండో ప్రపంచ యుద్ధ సమయంలో, హవాయిలోని అమెరికా నౌకాస్థావరం పెర్ల్ హార్బర్ మీద జపాన్ బాంబులు పడటానికి గంటకు పైగా ముందే, జపాన్ సైనికులు అప్పట్లో బ్రిటిష్ పాలనలో ఉన్న మలయా (నేటి మలేషియాలో భాగం) ఈశాన్య తీరంలోని కోట భారు దగ్గర ఒడ్డుకు దిగడం మొదలుపెట్టారు.

తేదీలు తిరగబడినట్టు కనిపించడానికి కారణం అంతర్జాతీయ దినరేఖ, అంటే పసిఫిక్ మహాసముద్రం మీదుగా గీసిన, దాటితే తేదీ మారే ఊహారేఖ. యుద్ధ సంఘటనలకు మామూలుగా ఎక్కడ జరిగితే అక్కడి స్థానిక తేదీనే వేస్తారు. హవాయి ఈ రేఖకు తూర్పున ఉంది, మలయా, జపాన్ పడమటి వైపున ఉన్నాయి. రేఖకు అటు ఆదివారం నడుస్తుంటే ఇటు అప్పటికే సోమవారం వచ్చేసి ఉంటుంది.

గడియారం పెట్టి చూస్తే సులువుగా అర్థమవుతుంది. పెర్ల్ హార్బర్‌లో దాడి మొదలైనప్పుడు అక్కడ ఆదివారం ఉదయం దాదాపు 7:55. అదే క్షణంలో మలయాలో సోమవారం తెల్లవారుజామున సుమారు 2 గంటలు. కోట భారులో సైనికులు దిగడం మొదలైంది మాత్రం అర్ధరాత్రి దాటిన కాసేపటికే. అంటే పెర్ల్ హార్బర్ కబురు ప్రపంచానికి తెలిసేసరికే ఆ తీరంలో బ్రిటిష్ ఇండియా సైన్యపు డోగ్రా సైనికులు పోరాడుతున్నారు!

పసిఫిక్ యుద్ధం పెర్ల్ హార్బర్‌తో మొదలై, మర్నాడు ఆసియాకు పాకిందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఇవన్నీ కొన్ని గంటల తేడాతో, ఒకే ప్రణాళిక ప్రకారం జరిగిన దాడులు. అలాగని 8వ తేదీ వేసినవన్నీ పెర్ల్ హార్బర్ కంటే ముందువి కావు. హాంకాంగ్, ఫిలిప్పీన్స్ దాడులు దాని తర్వాతే జరిగాయి.