బుజ్జీ, ముందు ఆ చిరునామా తెరువు

బుజ్జీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. ఉద్యోగం మానేసి ఇద్దరు స్నేహితులతో కలిసి సొంత కంపెనీ పెడుతున్నావట. చిన్న చిన్న ఆఫీసులు తమ ఫైళ్లకు తాళం వేసి దాచుకునే సాఫ్ట్‌వేర్ చేస్తారట. చెబుతున్నంతసేపూ మీ అమ్మ గొంతులో బెంగే. నాకు మాత్రం మొదట గర్వంతో గుండె నిండిపోయింది. పెట్టేసే ముందు తనో మాట అంది: "వాళ్లే ఏదో కొత్త ఎన్‌క్రిప్షన్ కనిపెట్టారటక్కా, ఎవరికీ తెలియదట, దానికి పేటెంట్ కూడా తీసుకుంటారట." ఇక నాకు నిద్ర పట్టలేదు. లేచి కూర్చుని ఇది రాస్తున్నాను.

ముందు నీకు తెలిసినవే రెండు ముక్కలు. రాజీనామా ఇచ్చేలోపు ఇప్పటి ఆఫీసుతో చేసుకున్న ఒప్పందం తీసి చదువు. వాళ్ల ల్యాప్‌టాప్ మీద రాసిన ఒక్క లైను కూడా నీ కోడ్‌లోకి రాకూడదు. ముగ్గురి వాటాలూ స్నేహం బాగున్నప్పుడే కాగితం మీద పెట్టుకోండి. అందరి ఖాతాలకీ రెండంచెల లాగిన్ ఉండాలి. బ్యాకప్ తీశామని ఊరుకోకుండా అది తిరిగి తెరుచుకుంటోందో లేదో నెలకోసారి చూడు. అంతే.

ఇప్పుడు నేను చెప్పేది మీ అమ్మకు కూడా తెలియదు.

నేను కంపెనీ పెట్టి మూసేశానని నువ్వు విన్నావు. పెద్ద కంపెనీ పోటీకి తట్టుకోలేక మూసేశామని ఇంట్లో అందరికీ చెప్పాను. అది నిజం కాదు. మేం నలుగురం. మేం చేసింది నువ్వు చేయబోయే వస్తువే: పాస్‌వర్డ్ ఇస్తే ఫైలుకు తాళం పడుతుంది. తాళం వేసే పద్ధతి మేమే అల్లుకున్నాం. పాస్‌వర్డ్ నుంచి 32 బైట్ల వరసను పుట్టించి, దాన్ని ఫైలు పొడుగునా మళ్లీ మళ్లీ కలుపుతూ పోయేవాళ్లం. బయటికి వచ్చేది చూస్తే చెత్తలా కనిపించేది. చెత్తలా కనిపిస్తే చాలు, భద్రంగా ఉన్నట్టే అనుకున్నాం. మా పద్ధతి ఎవరికీ తెలియదు కాబట్టి ఎవరూ విప్పలేరని నేనే కస్టమర్లకు చెప్పేదాన్ని. దానికే పేటెంట్ దరఖాస్తు కూడా పెట్టాను. రహస్యంగా ఉండటమే బలం అనుకున్నదాన్ని వివరంగా రాసి బయటపెడితేగాని పేటెంట్ రాదు కదా, ఈ రెండూ ఎలా పొసుగుతాయని నాకప్పుడు తట్టనే లేదు.

అదే సమయంలో ఒక పెద్ద కంపెనీ తన ప్యాకేజీలో ఇలాంటిదే ఉచితంగా కలిపి ఇవ్వబోతోందని తెలిసింది. ఇక నాకు పగలూ రాత్రీ అదే ధ్యాస. ఎవరు ఏం అడిగినా వాళ్లు పంపిన మనిషేమో అనిపించేది.

అప్పుడు ఒక కవరు వచ్చింది. పంపింది ఎవరో కాలేజీ కుర్రాడు. లోపల రెండు కాగితాలు. మొదటి దాని మీద అచ్చు తీసిన అంకెలు, వరసకు 32 జంటలు, ఒక్కో బైటుకు ఒక జంట. నేను దాన్ని చేతిలో పట్టుకుని చూస్తున్నాను, అర్థం కావడానికి ఒక నిమిషం పట్టింది. మొదటి వరస ఎలా ఉందో రెండోదీ అలాగే ఉంది. మూడోదీ అంతే. కాగితం కింది దాకా ఒకే వరస, మగ్గం మీద నేసిన గళ్లలాగా నిలువునా కలిసిపోతూ. అతను చేసిందల్లా ఒక్కటే: అన్నీ సున్నాలే ఉన్న ఫైలుకు మా సాఫ్ట్‌వేర్‌తో తాళం వేశాడు. సున్నాలతో ఏది కలిపినా అదే బయటికి వస్తుంది. అంటే మా తాళంచెవి తనంతట తానే కాగితం మీదికి వచ్చి కూర్చుంది. రెండో కాగితంలో ఇంకో మాట: ఒక రకం డాక్యుమెంట్లన్నీ మొదట్లో ఒకే గుర్తులతో మొదలవుతాయి, ఆ మొదటి 32 బైట్లు ఊహించగలిగితే పాస్‌వర్డ్ లేకుండానే మొత్తం ఫైలు తెరవచ్చు. చివర్లో చేత్తో రాశాడు: మీరు సరిచేసేదాకా ఎవరికీ చెప్పను, సాయం కావాలంటే వస్తాను అని.

బుజ్జీ, ఆ ఉత్తరం నేను మూడుసార్లు చదివాను. అతను చెప్పింది నిజమని రెండోసారికే తెలిసిపోయింది. అయినా దాన్ని తీసుకెళ్లి లాయరు చేతిలో పెట్టాను. మా రహస్యాన్ని దొంగిలించావనీ, పేటెంట్ దరఖాస్తు నడుస్తోందనీ బెదిరిస్తూ నోటీసు పంపించాను. దరఖాస్తు పెట్టినంత మాత్రాన ఎవరినీ ఆపే హక్కు రాదని లాయరుకూ తెలుసు, నాకూ తెలుసు. ఆ కుర్రాడికి తెలియదు. మళ్లీ ఉత్తరం రాలేదు. హమ్మయ్య అనుకున్నాను. ఆ తరవాత ఐదు నెలలూ అదే సరుకు అమ్మాం. సరిచేస్తే తప్పు ఒప్పుకున్నట్టవుతుందనీ, పోటీవాళ్లు దాన్నే ప్రచారం చేస్తారనీ భయపడ్డాను.

ఐదు నెలలకు ఇంకెవరో అదే లొసుగు సొంతంగా కనిపెట్టి, దాన్ని తెరిచే చిన్న ప్రోగ్రాం రాసి పంచిపెట్టారు. మా సాఫ్ట్‌వేర్ వాడుతున్న ఒక డాక్టరమ్మ దగ్గర పనిమానేసిన మనిషి దాంతో రోగుల ఫైళ్లు తెరిచాడు. ఎవరికి ఏ జబ్బో బయటికి పొక్కింది. ఆవిడ నాకు ఫోన్ చేసింది. అరవలేదు, తిట్టలేదు. "మీకు ఈ సంగతి ముందే తెలుసా అండీ?" అని మాత్రం అడిగింది.

తెలియదన్నాను.

కంపెనీ ఆ రోజే పోయింది, కాగితాల మీద మూతపడటానికి ఇంకో ఏడాది పట్టినా. ఆ కుర్రాడికి తరవాత క్షమాపణ రాశాను. జవాబు రాలేదు. నేనైతే నాకు జవాబు రాసి ఉండేదాన్ని కాదు.

అందుకే నీ కొత్త ఎన్‌క్రిప్షన్ మాట వినగానే నా ఒళ్లు జలదరించింది. వద్దే తల్లీ. నీ తెలివిని నేను తక్కువ చేయడం లేదు. పద్ధతి శత్రువు చేతిలో పడినా ఇబ్బంది రాకూడదు, రహస్యంగా ఉండాల్సింది తాళంచెవి మాత్రమేనని రహస్య లిపుల పండితుడు కెర్క్‌హాఫ్స్ 1883లోనే రాశాడు. ఇవాళ లోకమంతా వాడే ఏఈఎస్ అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతి ఎలా వచ్చిందో చూడు. 1997లో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ బహిరంగంగా పోటీ పెట్టింది. 15 పద్ధతులు బరిలోకి వచ్చాయి. ప్రతి ఒక్కరూ మిగతావాళ్ల పద్ధతిని విరగ్గొట్టడానికి ప్రయత్నించారు, విరిగినచోట అందరికీ చూపించారు. 2000లో డేమెన్, రైమెన్ అనే ఇద్దరు బెల్జియం వాళ్ల పద్ధతిని ఎంచుకున్నారు, 2001లో అది ప్రమాణమైంది. గెలిచిన పద్ధతిని ఎవరైనా డబ్బు కట్టకుండా వాడుకోవచ్చన్నది ముందే పెట్టిన షరతు. అంతమంది మేధావులు ఏళ్ల తరబడి దెబ్బలు కొట్టి చూసిన గోడ ఉచితంగా ఉండగా, నిన్న కట్టిన నీ గోడ వెనక ఇంకొకరి రోగుల ఫైళ్లు ఎందుకు పెడతావు? నీ కొత్తదనం అంతా వాడేవాళ్లకు సులువు చేయడంలో చూపించు. తాళంచెవి పోగొట్టుకున్న మనిషికి ఏం దారి, ఉద్యోగి మానేసిన రోజు అతని ప్రవేశం ఎలా ఆపాలి, ఇలాంటివి ఎవరూ సరిగ్గా చేయడం లేదు.

పేటెంట్ సంగతి. అసలు వద్దనను. 1994లో స్టాక్ ఎలక్ట్రానిక్స్ అనే చిన్న కంపెనీ తన డేటా కుదింపు పేటెంట్‌తో మైక్రోసాఫ్ట్ మీద గెలిచింది, జ్యూరీ 12 కోట్ల డాలర్లు ఇమ్మంది. చిన్నవాళ్లకు అది కవచమైన రోజులున్నాయి. కానీ స్టాక్‌కు కోర్టులో నిలబడే సత్తువ ఉంది, నీకు లేదు. పైగా సాఫ్ట్‌వేర్‌కు ఒక దేశం ఇచ్చే పేటెంట్ ఇంకో దేశం ఇవ్వదు. యూరప్ పార్లమెంటు 2005లో సాఫ్ట్‌వేర్ పేటెంట్ల చట్టాన్ని తోసిపుచ్చింది. అమెరికాలో కూడా 2014లో అలీస్ కేసు తీర్పు తరవాత, మామూలు ఆలోచనకు కంప్యూటర్ తగిలిస్తే పేటెంట్ నిలవడం కష్టమైంది. అవతలివైపు, ఏ వస్తువూ తయారుచేయకుండా పేటెంట్లు మాత్రం పట్టుకు కూర్చునేవాళ్లు ఉన్నారు. బ్లాక్‌బెర్రీ ఫోన్లు చేసిన రిమ్ కంపెనీ 2006లో అలాంటి ఎన్‌టీపీకి 61 కోట్ల 25 లక్షల డాలర్లు కట్టి రాజీపడింది, ఆ పేటెంట్లు చెల్లుతాయో లేదో పేటెంట్ ఆఫీసు తిరిగి పరిశీలిస్తుండగానే. నీకు ఎవరైనా అలాంటి ఉత్తరం పంపితే ఆ రోజే జవాబు రాయకు, భయపడి డబ్బూ కట్టకు. ముందు ఆ పని తెలిసిన లాయరుకు చూపించు.

నా మనసులో మాట చెబుతాను. భద్రతకు సంబంధించిన పద్ధతి మీద పేటెంట్ వేస్తే జనం దాన్ని వదిలేసి పక్కదారి పడతారు. ఫిలిప్ రోగవే రూపొందించిన ఓసీబీ అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతి వేగమైనదే, మంచిదే. పేటెంట్ ఉందని చాలామంది దాని జోలికి పోలేదు, పేటెంట్ లేని జీసీఎమ్ అనే ఇంకో పద్ధతి వైపు వెళ్లారు. 2021లో ఆయన పేటెంట్లు వదిలేసేనాటికి లోకం వేరే దారిలో స్థిరపడిపోయింది. ఆర్‌ఎస్‌ఏ అనే మరో ఎన్‌క్రిప్షన్ పద్ధతి పేటెంట్ 2000 సెప్టెంబరులో తీరేదాకా అమెరికాలో ఎంతమంది దాన్ని తప్పించుకుని తిరిగారో నేను కళ్లారా చూశాను. తాళాలు అందరికీ అందాలి. నీ ఫైళ్ల స్క్రీను, నీ పేరు, నీ మాట, వాటిని కాపాడుకో.

పోటీ గురించి భయపడితే నాలా అవుతావు. పెద్దవాళ్లు నీలాంటి వస్తువును ఉచితంగా కలిపి ఇస్తారు, ఇవ్వకుండా ఉండరు. బ్రౌజరు విషయంలో అదే జరిగింది, 1998లో అమెరికా ప్రభుత్వం మైక్రోసాఫ్ట్ మీద కోర్టుకెక్కింది, అప్పటికి పోటీ బ్రౌజరు చేసే నెట్‌స్కేప్ కంపెనీకి జరగాల్సిన నష్టం జరిగిపోయింది. న్యాయం నీ టైముకి రాదు. కానీ భద్రత దగ్గరికి వచ్చేసరికి పోటీవాళ్లు కూడా ఒకరికొకరు చెప్పుకుంటారు. గూగుల్‌లో లొసుగులు వెతికే ప్రాజెక్ట్ జీరో బృందం వాళ్లు ఇతర కంపెనీల సాఫ్ట్‌వేర్‌లో లొసుగులు కనిపెట్టి, ముందు వాళ్లకే చెప్పి, సరిచేయడానికి 90 రోజులు గడువిస్తారు. నీ పోటీదారు నీకు లొసుగు చూపిస్తే అవమానం అనుకోకు. వాళ్లది నీకు కనిపిస్తే నువ్వూ అలాగే రహస్యంగా చెప్పు, ప్రకటనలో వాడుకోకు.

నువ్వు వాడే లైబ్రరీల, అంటే ఇతరులు రాసిన కోడ్ ముక్కల, జాబితా గోడకు అతికించు. జనం అప్పుల చరిత్ర దాచే అమెరికా కంపెనీ ఈక్విఫాక్స్‌లో 2017లో జరిగింది తెలుసుగా, వాళ్లు వాడే స్ట్రట్స్ అనే లైబ్రరీకి సరిచేసిన వెర్షన్ మార్చిలోనే వచ్చింది, ఒకచోట వేయడం మరిచారు, 14 కోట్లకు పైగా మనుషుల వివరాలు పోయాయి. చిన్న తేడా కనిపిస్తే వదలకు. 2024లో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని తవ్వుకుంటూ పోతే ఎక్స్‌జెడ్ అనే ఫైళ్లు కుదించే లైబ్రరీలో ఎవరో పనిగట్టుకుని పెట్టిన దొంగదారి దొరికింది. అర సెకను! చిన్నప్పుడు గోడ గడియారం చప్పుడు మారిందని నువ్వే మొదట పట్టుకున్నావు, గుర్తుందా? ఆ చెవిని పోగొట్టుకోకు.

ఇక అసలు పని. కంపెనీకి పేరు పెట్టకముందే, మొదటి కస్టమరు రాకముందే, లొసుగు దొరికినవాళ్లు రాయడానికి ఒక ఈమెయిల్ చిరునామా తెరువు. సెక్యూరిటీ డాట్ టెక్స్ట్ అనే ఫైలు సైట్‌లో ఎక్కడ పెట్టాలో, ఏం రాయాలో ఆర్‌ఎఫ్‌సి 9116 అనే ఇంటర్నెట్ పత్రంలో ఉంది, పావుగంట పని. నిజాయితీగా వెతికి చెప్పినవాళ్ల మీద కేసు వేయబోమని సైట్‌లోనే రాసి పెట్టు. ఆ ఉత్తరాలు లాయరు కంటే ముందు ఇంజనీరు చదవాలి. అందిందని ఒక్క రోజులో జవాబు వెళ్లాలి. సరిచేశాక వాళ్లు ఒప్పుకుంటే పేరు పెట్టి థాంక్స్ చెప్పు. ఏ కస్టమరైనా నీకు ముందే తెలుసా అని అడిగితే, తేదీతో సహా చెప్పగలగాలి నువ్వు.

కఠినంగా రాశానేమో. నువ్వు నాలా చేస్తావని కాదే, నాలాగే భయపడతావని. నీది నా పోలికే అని మీ అమ్మ ఎప్పుడూ అంటుంది.

ఆ గళ్ల కాగితం ఇంకా నా దగ్గరే ఉంది, మడత దగ్గర చిరిగింది. వచ్చేటప్పుడు తెస్తాను. చిరునామా తెరవగానే నాకు చెప్పు. మీ మొదటి వెర్షన్ నాకు పంపించు, కూర్చుని వెతుకుతాను. ఆ పెట్టెలోకి మొదటి ఉత్తరం నాదే. ఎన్ని గంటల్లో జవాబిస్తావో చూస్తాను.

నీ పెద్దమ్మ