ఏ పని ఏ కార్డుకి?

ప్రశ్న: మాది దిల్‌సుఖ్‌నగర్‌లో పెళ్లి వీడియోల ఎడిటింగ్ స్టూడియో. ఐ5 12400 ప్రాసెసర్, విండోస్ 11. పాత 6 జీబీ జీటీఎక్స్ 1060 గ్రాఫిక్స్ కార్డు ఉండగానే ఈ మధ్య 12 జీబీ ఆర్‌టీఎక్స్ 3060 కూడా పెట్టాం. నేను ప్రీమియర్‌లో కట్ చేస్తుంటే వెనకాల బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో టైటిల్స్ రెండర్ అవుతుంటాయి, అంటే తుది బొమ్మలుగా తయారవుతుంటాయి. రెండర్ మొదలైతే చాలు, ప్రీమియర్ నత్తనడక. విండోస్ గ్రాఫిక్స్ సెట్టింగ్స్‌లో బ్లెండర్‌కి ఒక కార్డు, ప్రీమియర్‌కి ఇంకో కార్డు అని పెట్టాం. అయినా రెండూ 3060నే పట్టుకుంటున్నాయి. ఆరూ పన్నెండూ కలిపి 18 జీబీగా వాడుకునే దారి కూడా ఉంటే చెప్పగలరు.

జవాబు: 18 జీబీ సంగతి ముందే తేల్చేద్దాం. కుదరదు. ఏ కార్డు మెమరీ ఆ కార్డుదే. బ్లెండర్‌లో రెండు కార్డులకీ టిక్ పెట్టి రెండర్ చేస్తే సీన్ మొత్తం రెండు కార్డుల్లోనూ విడివిడిగా ఎక్కుతుంది తప్ప, సగం ఇక్కడ, సగం అక్కడ సర్దుకోదు.

ఇక అసలు విషయం. మీరు విండోస్‌లో మార్చిన సెట్టింగ్‌లో తప్పేమీ లేదు. కాకపోతే ఆ మాట వినేది డైరెక్ట్‌ఎక్స్‌తో బొమ్మ గీసే ప్రోగ్రాములు, అంటే గేములు, బ్రౌజర్లు వగైరా. బ్లెండర్ రెండర్ చేసేదీ, ప్రీమియర్ ఎఫెక్టుల లెక్కలు కట్టేదీ కుడాతో, అంటే కార్డు చేత లెక్కలు చేయించే ఎన్విడియా వారి పద్ధతితో. కుడా విండోస్‌ని అడగదు, నేరుగా కార్డుని నడిపే సాఫ్ట్‌వేర్ అయిన ఎన్విడియా డ్రైవర్‌ని అడుగుతుంది. డ్రైవరేమో బలమైన కార్డునే ముందు చూపిస్తుంది. అందుకే రెండూ వెళ్లి 3060 మీద పడ్డాయి.

కొత్త కార్డు ఎడిటింగ్‌కి, పాతది రెండర్‌కి అని మీరు అనుకుని ఉంటారు. నేనైతే తిరగేస్తాను. 3060లో రే ట్రేసింగ్ (వెలుతురు కిరణాల దారి లెక్కకట్టడం) కోసం ప్రత్యేకంగా కోర్లు ఉన్నాయి, 1060లో అవి అసలు లేవు. పైగా పెద్ద సీన్ పట్టాలంటే 12 జీబీ కావాలి. కట్టింగు, డిజాల్వులు, కాస్త కలర్ కరెక్షన్ వరకూ 1060 ఇప్పటికీ బాగానే లాగుతుంది. 4కే ఫుటేజీ మీద నాయిస్ రిడక్షన్ లాంటివి దట్టంగా వేస్తారంటే మాత్రం ఈ పంపకం మానేసి, పగలు ఎడిటింగ్, రాత్రి రెండరింగ్ పెట్టుకోండి.

ముందు క్యాబినెట్ వెనక్కి వెళ్లి మానిటర్ కేబుల్ ఏ కార్డుకి ఉందో చూడండి. చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో మా షాపుకి ఇలాంటి సిస్టమ్ ఏది వచ్చినా నేను చేసే మొదటి పని ఇదే, సెట్టింగులన్నీ తర్వాత. డెస్క్‌టాప్‌నీ, బ్లెండర్ విండోనీ గీసేది మామూలుగా మానిటర్ తగిలించిన కార్డే. అదే కార్డు మీద రెండర్ కూడా పెడితే మౌస్ పాయింటర్ కూడా ఆగి ఆగి కదులుతుంది. కాబట్టి మానిటర్ 1060కి.

తర్వాత బ్లెండర్ ప్రిఫరెన్సెస్‌లో సిస్టమ్ అనే చోట సైకిల్స్ రెండర్ డివైసెస్ ఉంటాయి (సైకిల్స్ అంటే బ్లెండర్‌లోని ఒక రెండర్ ఇంజన్). ఆప్టిఎక్స్ ట్యాబ్ తెరిచి 3060కి మాత్రమే టిక్ ఉంచండి. ఆ కిందే మీ ప్రాసెసర్ పేరు కూడా కనిపిస్తుంది. దానికి టిక్ ఉంటే తప్పకుండా తీసెయ్యండి. ప్రీమియర్ నత్తనడకలో సగం పాపం ఆ టిక్కుదే అయ్యుండొచ్చు. టైటిల్స్ బ్లెండర్‌లోని ఇంకో ఇంజన్ ఈవీలో చేస్తుంటే మాత్రం ఈ టిక్కులు దానికి వర్తించవు, అది మామూలుగా మానిటర్ ఉన్న కార్డు వెంటే పోతుంది.

ప్రీమియర్‌లో కార్డు ఎంచుకునే చోటు లేదు. డెస్క్‌టాప్ మీద రైట్ క్లిక్ చేసి ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్ తెరవండి. మేనేజ్ 3డీ సెట్టింగ్స్‌లో ప్రోగ్రామ్ సెట్టింగ్స్ ట్యాబ్‌కి వెళ్లి, ప్రీమియర్‌ని జత చేసి, ‘కుడా - జీపీయూస్’ అనే వరుసలో 1060కి ఒక్కదానికే టిక్ పెట్టండి. పక్కనున్న గ్లోబల్ ట్యాబ్‌లో పెట్టారంటే బ్లెండర్‌కి కూడా 3060 కనపడకుండా పోతుంది. ప్రీమియర్ మూసి మళ్లీ తెరవాలి. పని విడిపోయిందో లేదో టాస్క్ మేనేజర్ పర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో చూడొచ్చు, కానీ అక్కడి గ్రాఫులు మామూలుగా 3డీ పనిని చూపిస్తాయి. రెండర్ జోరుగా నడుస్తున్నా గీత నేలమీదే ఉంటే కంగారు పడకండి, గ్రాఫ్ పైనున్న పేరు నొక్కి, జాబితాలో కుడా ఉంటే అది ఎంచుకోండి.

స్లాట్ల గురించి మీరు అడగలేదు, అయినా చెప్తాను. ఫోన్ టార్చ్ వేసి మదర్‌బోర్డు మీద కింది స్లాట్ లోపలికి చూడండి. బయటికి పై స్లాటంత పొడుగ్గానే ఉంటుంది, లోపల ఇత్తడి రంగు పిన్నులు చాలా బోర్డుల్లో పావు వంతు దాకే ఉంటాయి. అంటే డేటా నడిచే దారులు (లేన్లు) పదహారుకి బదులు నాలుగే. అందరూ కొత్త కార్డుని పై స్లాట్‌లో పెడతారు. మీ పనికి 1060 పైన, 3060 కింద ఉంటేనే నయం. రెండర్‌కి సీన్ ఒకసారి ఎక్కితే ఆ తర్వాత ఇచ్చిపుచ్చుకోవడాలు తక్కువ. ప్రీమియర్ అలా కాదు, ఫ్రేములు ఎడతెగకుండా అటూ ఇటూ తిప్పుతూనే ఉంటుంది. పైగా పై కార్డు ఫ్యాన్లకి కింది కార్డు వీపు అడ్డం. రాత్రంతా కాలేది 3060 కాబట్టి దానికే గాలి ఆడాలి, కింద పవర్ సప్లై కవర్‌కి మరీ ఆనుకోకుండా చూసుకోండి.

3060కి 170 వాట్లు, 1060కి 120, మీ ప్రాసెసర్ గట్టిగా లాగితే 117. 650 వాట్ల మంచి కంపెనీ సప్లై ఉండాలి. ఇళ్లల్లో వాడే 600 వీఏ యూపీఎస్ ఈ బరువు మొయ్యలేదు. రెండర్ మధ్యలో కరెంటు పోతే సిస్టమ్ కూడా దాంతోపాటే పోతుంది.

ఒకటి గుర్తుంచుకోండి, రెండు కార్డులకీ డ్రైవర్ ఒక్కటే. 1060 తరానికి గేమ్ రెడీ డ్రైవర్లని ఎన్విడియా 2025 అక్టోబర్‌తో ఆపేసింది. 2028 అక్టోబర్ దాకా భద్రతా అప్‌డేట్లు మాత్రం ఇస్తానంది. 580 సిరీస్ దాటి ముందుకెళ్తే 3060 హాయిగా నడుస్తుంది, 1060 పడకేస్తుంది. అప్‌డేట్ అడిగిందల్లా నొక్కకండి, అందులోనూ ముహూర్తాల సీజన్‌లో.

మీకు మూడో కార్డు కూడా ఉంది. 12400లో ఇంటెల్ గ్రాఫిక్స్ ఉన్నాయి, వెనక ఎఫ్ అక్షరం ఉంటేనే ఉండవు. కెమెరామెన్ 10 బిట్ 4:2:2 హెచ్‌ఈవీసీ అనే వీడియో ఫార్మాట్‌లో తీసి ఇస్తే మీ రెండు ఎన్విడియా కార్డులకీ దాన్ని విప్పడం చేతకాదు, ఇంటెల్‌కి వచ్చు. బయాస్‌లో (కంప్యూటర్ ఆన్ చేసేటప్పుడు తెరిచే సెటప్‌లో) ఇంటెల్ గ్రాఫిక్స్‌ని ఆన్ చేసి, ప్రీమియర్ మీడియా ప్రిఫరెన్సెస్‌లో ఇంటెల్ డీకోడింగ్‌కి టిక్ పెట్టండి. టైమ్‌లైన్ మీద ఆ తేడా చేత్తో పట్టుకున్నంత తెలుస్తుంది.

ప్రశ్న: ఉబుంటులో రెండు వేర్వేరు ఎన్విడియా కార్డుల మీద ఏఐ మోడల్స్ నడుపుతున్నాను. కార్డు 0 మీద నడవమంటే, కార్డుల వివరాలు చూపించే ఎన్విడియా ఎస్‌ఎమ్‌ఐలో 1గా కనపడే కార్డు పనిచేస్తోంది. కార్డు పాడైందా? టెన్షన్‌గా ఉంది. (ఇంజనీరింగ్ విద్యార్థి, కూకట్‌పల్లి)

జవాబు: కార్డు నిక్షేపంగా ఉంది. ఎస్‌ఎమ్‌ఐ స్లాట్ల వరుసలో నంబర్లు వేస్తుంది, కుడా వేగమైన కార్డుకి 0 ఇస్తుంది. ‘కుడా డివైస్ ఆర్డర్’ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కి ‘పీసీఐ బస్ ఐడీ’ అని విలువ ఇవ్వండి. అన్నీ పెద్దక్షరాలు, మాటల మధ్య అండర్‌స్కోర్. ఇక రెండు చోట్లా నంబర్లు ఒకటే. ఆ తర్వాత ఒక టెర్మినల్‌లో ‘కుడా విజిబుల్ డివైసెస్’ అనే వేరియబుల్‌కి 0 అనీ, ఇంకో టెర్మినల్‌లో 1 అనీ పెట్టి ప్రోగ్రాములు మొదలుపెట్టండి. ఏ ప్రోగ్రామ్‌కీ రెండో కార్డు ఉన్నట్టే తెలియదు. అన్నట్టు, లోపల ప్రోగ్రామ్‌కి మాత్రం తనకి కనపడే ఆ ఒక్క కార్డూ ఎప్పుడూ 0గానే కనిపిస్తుంది. కోడ్‌లో 1 అని రాశారంటే ఎర్రర్ వస్తుంది.

ప్రశ్న: ల్యాప్‌టాప్‌లో బ్రౌజర్ తెరిచినా ఎన్విడియా కార్డే ఆన్ అయి బ్యాటరీ తాగేస్తోంది. (గృహిణి, మల్కాజ్‌గిరి)

జవాబు: పైన దిల్‌సుఖ్‌నగర్ వారికి పనిచెయ్యని విండోస్ సెట్టింగే మీకు పనికొస్తుందమ్మా. సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లే, గ్రాఫిక్స్‌లోకి వెళ్లి బ్రౌజర్‌కి పవర్ సేవింగ్ అని పెట్టి, బ్రౌజర్ మూసి తెరవండి.