ఎంసెట్ సీటు నుంచి మొదటి జీతం దాకా: బిడ్డకు పెదనాన్న ఉత్తరం

బిడ్డా,

ఎంసెట్‌లో (ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారు) 22 వేల ర్యాంకు వచ్చిందని మీ నాన్న ఫోన్ చేశాడు. చాలా సంతోషం. ఆ మాట వెంటనే "ఎన్ని పైసలు అయితయి అన్నా" అని కూడా అడిగాడు. తాపీ పని మీద నడిచే ఇంట్లో ఆ ప్రశ్న రావాల్సిందే. ఫోన్లో ముక్తసరిగా చెప్తే తప్పు లెక్క చెప్పినట్టవుతుంది, అందుకే రాస్తున్నా. అమ్మకూ నాన్నకూ చదివి వినిపించు.

ఉన్నోళ్ల పిల్లలు కౌన్సెలింగ్‌లో ఆప్షన్ తప్పు పెడితే తండ్రి మేనేజ్‌మెంట్ సీటు కొంటాడు. ఒక ఏడాది పోతే ఇంకో ఏడాది కోచింగ్ పెట్టిస్తాడు. వాళ్ల తప్పును డబ్బు మోస్తుంది. మన ఇంట్లో అదే తప్పు జరిగితే చదువు ఆగిపోతుంది, లేదంటే మూడు రూపాయల వడ్డీకి అప్పు పుడుతుంది. మన పిల్లలు చాలామంది వెనకపడేది ఇక్కడే, మార్కుల దగ్గర కాదు. కాబట్టి నువ్వు తప్పు జరగకముందే చూసుకోవాలి.

మొదట కాగితాలు. ఒక తెల్లకాగితం తీసుకుని పదో తరగతి మెమోలో నీ పేరు, నాన్న పేరు, పుట్టిన తేదీ ఇంగ్లీషులో ఎలా ఉన్నాయో అక్షరం అక్షరం రాయి. దాని కిందే ఆధార్‌లో, బ్యాంకు పాస్‌బుక్‌లో, కులం సర్టిఫికెట్‌లో ఎలా ఉన్నాయో రాయి. మెమోలో ఇంటిపేరుకు ఒక్క పొడి అక్షరం ఉంటుంది, ఆధార్‌లో ఇంటిపేరు మొత్తం ఉంటుంది. మెమోలో 'లక్ష్మి' చివర ఐ ఉంటే ఆధార్‌లో డబుల్ ఈ ఉంటుంది. మనిషి కంటికి అది ఒకే పేరు. స్కాలర్‌షిప్ దరఖాస్తు చూసే కంప్యూటర్‌కు ఇద్దరు మనుషులు. తేడా కనిపిస్తే మెమో జోలికి పోకుండా ఆధార్‌నే దానికి సరిపెట్టు. మెమో దిద్దించాలంటే బడి నుంచి బోర్డు దాకా తిరగాలి, ఆలోపు అడ్మిషన్లు అయిపోతాయి. ఆధార్‌లో కూడా పేరు జన్మలో రెండుసార్లే, పుట్టిన తేదీ ఒక్కసారే మార్చనిస్తారు. కాబట్టి సెంటర్‌లో అతను టైప్ చేశాక స్లిప్ తీసుకుని అక్షరాలు లెక్కపెట్టుకున్నాకే సరే అను.

అమ్మను తీసుకుని వెళ్లినప్పుడు ఇంకో ఇబ్బంది వస్తుంది. సిమెంటు, ఇటుక మోసిన చేతుల వేళ్ల గీతలు అరిగిపోయి మెషీన్ మీద పడవు. "పడట్లేదమ్మా, రేపు రా" అంటారు, ఒక రోజు కూలి పోతుంది. కనుపాపతో తీసుకోమని అడగండి, ఆ పద్ధతి ఉంది. ఆధార్‌కు లింకైన ఫోన్ నంబరు ఇంట్లో ఇప్పుడు వాడుతున్నదేనా కూడా చూసుకో. రీచార్జ్ చేయక పోయిన సిమ్‌కు ఓటీపీ వెళ్తే ఎవరికీ అందదు.

కులం సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్ మీసేవలో వస్తాయి. కులానిది పాతది పనికొస్తుంది, ఆదాయానిది మాత్రం ఈ ఏడాదికి చెల్లేది ఉండాలి. మన తెలంగాణలో బీసీలకు ఫీజు రీయింబర్స్‌మెంట్, అంటే కాలేజీ ఫీజు ప్రభుత్వం కట్టడం, రావాలంటే పల్లెలో ఏడాది ఆదాయం లక్షన్నర, పట్నంలో 2 లక్షలు దాటకూడదు. ఎస్సీ, ఎస్టీలకు ఎక్కడున్నా 2 లక్షలు. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు వరసగా ఉండాలి. మధ్యలో నాన్న పని కోసం ఊరు మారి చదివిన ఏడాదికి సర్టిఫికెట్ లేకపోతే నీ స్థానికత మీదే ప్రశ్న వస్తుంది. సర్టిఫికెట్ల వెరిఫికేషన్ అయ్యాక ఇచ్చే రసీదును అక్కడే నిలబడి చదువు. కులం, ఆదాయం, స్థానికత సరిగ్గా పడ్డాయా చూడు. బయటికొచ్చాక దిద్దించడం పది రెట్లు కష్టం.

బ్యాంకు ఖాతా సంగతి చాలామందికి తెలియక మునుగుతారు. ప్రభుత్వం వేసే డబ్బు నువ్వు ఫారంలో రాసిన ఖాతాకే పోతుందని అనుకోవద్దు, చాలా పథకాల్లో ఆధార్‌తో చివరగా ఏ బ్యాంకు లింకైందో దానికి పోతుంది. ఎక్కడో క్యాంపు పెట్టి ఖాతా తెరిపిస్తే లింకు అటు మారిపోతుంది. ఆ లింకునే ఎన్‌పీసీఐ మ్యాపింగ్ అంటారు. బ్యాంకుకు వెళ్లి "ఎన్‌పీసీఐ మ్యాపింగ్ ఈ ఖాతాకే ఉందా" అని ఇదే మాట అడుగు.

ఇప్పుడు సీటు లెక్క. ఇది నిదానంగా చదవండి. రీయింబర్స్‌మెంట్ కన్వీనర్ కోటా సీటుకే, అంటే ర్యాంకు మీద కౌన్సెలింగ్‌లో వచ్చిన సీటుకే వస్తుంది. మేనేజ్‌మెంట్ కోటాకు రాదు, కౌన్సెలింగ్ అయ్యాక మిగిలిన సీట్లకు చేసే స్పాట్ అడ్మిషన్‌కు రాదు. "ముందు చేరమ్మా, తర్వాత స్కాలర్‌షిప్ పెట్టిస్తాం" అని కాలేజీలో పిల్లలను చేర్పించే పీఆర్వో ఇంటికి వచ్చి చెప్తే నమ్మొద్దు. ఎస్సీ, ఎస్టీ పిల్లలకు ట్యూషన్ ఫీజు మొత్తం ప్రభుత్వానిదే. బీసీలకు 10 వేల లోపు ర్యాంకు వస్తే మొత్తం, ఆ పైన అయితే ఏడాదికి 35 వేల దాకా. మనం బీసీలం, నీది 22 వేలు. ఒక కాలేజీ ఫీజు 90 వేలు అనుకో, ఏటా 55 వేలు మీ నాన్న కట్టాలి, నాలుగేళ్లకు 2 లక్షల 20 వేలు. ఫీజు 45 వేలు ఉన్న కాలేజీ అయితే ఏటా 10 వేలు. ఈ రెండింటి మధ్య 1 లక్షా 80 వేల తేడా. పెద్ద కాలేజీ పేరు దానికి తగిన ఉద్యోగాలు తెస్తుందా అన్నది అక్కడ ఇప్పుడు చదువుతున్న మూడో ఏడు, నాలుగో ఏడు పిల్లలను అడుగు. ప్లేస్‌మెంట్ ఫ్లెక్సీ చూసి నిర్ణయించొద్దు. ఆ ఫ్లెక్సీ మీద ఒకే అమ్మాయికి వచ్చిన మూడు ఆఫర్లను మూడుగా లెక్కేస్తారు.

ఫీజు పక్కన బస్సు, హాస్టల్, పరీక్ష ఫీజులు, స్పెషల్ ఫీజు కూడా రాయండి. ఊరికి 40 కిలోమీటర్లలో ఉన్న కాలేజీకి కాలేజీ బస్సు కంటే ఆర్టీసీ పాస్ చాలా చవక. యూనివర్సిటీ సొంత కాలేజీల్లో రెగ్యులర్ సీటు దొరికితే అదే మొదటి మాట. అదే క్యాంపస్‌లో సెల్ఫ్ ఫైనాన్స్ సీట్లూ ఉంటాయి, వాటి ఫీజు వేరు, కోడ్ చూసి పెట్టు. ఆప్షన్లు పదో ఇరవయ్యో పెట్టి ఆపొద్దు. నువ్వు నిజంగా చేరగలిగినవన్నీ, ఇష్టమైనది పైన ఉండేలా వరసగా పెట్టు. అలాట్‌మెంట్ ఆర్డర్ మీద నువ్వు కట్టాల్సిన అంకె ఉంటుంది, మనం వేసుకున్న లెక్కతో అది కలవకపోతే కట్టకముందే హెల్ప్‌లైన్ సెంటర్‌కు పో.

తమ్ముడి కోసం ఒక మాట ఇక్కడే రాస్తా. ఎన్‌ఐటీలో ఏడాది ట్యూషన్ ఫీజు 1 లక్షా 25 వేలు, ఐఐటీలో 2 లక్షలు అని వినగానే మనవాళ్లు ఆ దారి మూసేస్తారు. ఇంటి ఆదాయం లక్ష లోపు ఉంటే ఆ ఫీజు పూర్తిగా మాఫీ. లక్ష నుంచి 5 లక్షల లోపు అయితే మూడింట రెండు వంతులు మాఫీ. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ పిల్లలకు ఆదాయంతో పని లేకుండా మాఫీ. హాస్టల్, మెస్ విడిగా కట్టాలి, అయినా వరంగల్ ఎన్‌ఐటీ సీటు మనకు ఊరి పక్క ప్రైవేటు కాలేజీ కంటే తక్కువలో పడొచ్చు. దానికి కావాల్సింది రాష్ట్రం ఇచ్చే బీసీ సర్టిఫికెట్ కాదు, కేంద్రం నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్, అంటే బీసీల్లో ఉన్నోళ్ల కుటుంబం కాదని చెప్పే సర్టిఫికెట్. ఆ ఏడాది ఏప్రిల్ 1 తర్వాత తీసినదై ఉండాలి. వాడికి ఇంటర్ మీద మనసు లేకపోతే పాలిసెట్ రాసి మూడేళ్ల డిప్లొమా చేసి, ఈసెట్‌తో నేరుగా బీటెక్ రెండో ఏడులో చేరొచ్చు. మధ్యలో డబ్బు ఆగినా చేతిలో ఒక పట్టా ఉంటుంది, మనలాంటి ఇళ్లకు అది గట్టి దారి.

ప్రభుత్వం కడుతుందన్న ఫీజు ఎప్పుడు కడుతుందో ఎవరూ చెప్పలేరు. బకాయిలు ఏళ్లుగా పేరుకుపోతున్నాయి, 2025 నవంబరులో ప్రైవేటు కాలేజీలు ఇందుకోసమే బంద్ పెట్టాయి. ఆ భారం చివర్లో నీ మీదికి వస్తుంది. నాలుగో ఏడు అయ్యాక టీసీ, మార్కుల మెమోలు ఇవ్వమంటే "రీయింబర్స్‌మెంట్ రాలేదు, నువ్వు కట్టు, వచ్చాక ఇస్తాం" అంటారు. ఉద్యోగంలో చేరే తేదీ దగ్గరపడితే తల్లిదండ్రులు పుస్తెలు తాకట్టు పెట్టి కడతారు. దానికి ముందునుంచే చేయాల్సింది: ఏటా స్కాలర్‌షిప్ వెబ్‌సైట్ ఈపాస్‌లో రెన్యువల్ గడువులోగా చేసి ప్రింట్ దాచు, కాలేజీకి ఇచ్చిన ప్రతి రూపాయికీ రసీదు తీసుకో, హాజరు 75 శాతం తగ్గనీయకు. రసీదు ఇవ్వకుండా తీసుకునే డబ్బు అడిగితే ఎందుకో కాగితం మీద రాసిమ్మను. సర్టిఫికెట్లు ఆపితే ఈ ప్రింట్లన్నీ పట్టుకుని జిల్లా బీసీ సంక్షేమ అధికారి దగ్గరికి, అక్కడ పని కాకపోతే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణికి వెళ్లి అర్జీ ఇచ్చి నంబరు తీసుకో. చేరేటప్పుడు ఒరిజినల్స్ చూపించి వెనక్కి తెచ్చుకోవడం నీ హక్కు. కాలేజీల మీద అజమాయిషీ చేసే ఏఐసీటీఈ, యూజీసీ రెండూ వాటిని దగ్గర పెట్టుకోవద్దని కాలేజీలకు చెప్పాయి.

అప్పు చేయక తప్పకపోతే ఏ అప్పు అన్నది చాలా ముఖ్యం. బయట 2 లక్షలు నూటికి మూడు రూపాయలకు తెస్తే నెలకు 6 వేలు, నాలుగేళ్లలో వడ్డీయే 2 లక్షల 88 వేలు. అసలు అలాగే ఉంటుంది. అమ్మ సంఘం లోన్ వడ్డీ తక్కువే, కానీ కిస్తీ వచ్చే నెలనుంచే మొదలవుతుంది, చదువు నాలుగేళ్ల తర్వాత గానీ ఒక్క రూపాయి తేదు. ఆ రెండూ కలవవు. బ్యాంకు విద్యా రుణం 4 లక్షల దాకా ఆస్తి తాకట్టు లేకుండా ఇవ్వాలి, చదువు అయ్యి ఇంకో ఏడాది గడిచాకే కిస్తీ మొదలవుతుంది. ఇంటి ఆదాయం నాలుగున్నర లక్షల లోపు ఉంటే, చదువు నాణ్యత చూసి న్యాక్ గుర్తింపు ఇచ్చిన కాలేజీకి లేదా ఎన్‌బీఏ గుర్తింపు ఇచ్చిన కోర్సుకు ఆ కాలం వడ్డీ కేంద్రం భరించే పథకం ఉంది. మేనేజర్ నోటితో "మా దగ్గర లేదు" అంటే తిరిగి రావద్దు. విద్యాలక్ష్మి పోర్టల్‌లో దరఖాస్తు పెట్టి నంబరుతో పో, కాదంటే కారణం అందులోనే పెట్టమను. నాన్న ఎప్పుడో కిస్తీ మీద బండి తీసుకుని కట్టకపోతే సిబిల్ దగ్గర, అంటే పాత అప్పులు ఎలా కట్టామో చూసే లెక్క దగ్గర, లోన్ ఆగిపోతుంది, ముందే కనుక్కో.

కాలేజీలో మొదటి సెమిస్టర్ లెక్కల పేపర్ నీకు గట్టిగా తగులుతుంది. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకు లెక్క వస్తుంది, ప్రశ్న అర్థం కాదు. పాత ప్రశ్నపత్రాలు ఐదేళ్లవి తీసి, ప్రశ్నల్లో మళ్లీ మళ్లీ వచ్చే ఇంగ్లీషు మాటలు ఓ వంద రాసి పెట్టుకో, ఆ వందతో పేపర్ చాలావరకు దారికొస్తుంది. బ్యాక్‌లాగ్ మిగలనీయకు. చాలా కంపెనీలు పది, ఇంటర్, బీటెక్ మూడింట్లో 60 శాతం, బ్యాక్‌లాగ్ లేకపోవడం అడుగుతాయి. తెలియంది అడగడానికి సిగ్గుపడకు. నీ పక్కన కూర్చున్న అమ్మాయికి అన్నో అక్కో ఇంట్లో చెప్తారు, నీకు చెప్పేవాళ్లు బయటే ఉన్నారు. మన వైపు నుంచి వెళ్లిన సీనియర్లను ఇద్దరిని వెతికి నంబర్లు తీసుకో.

"ఫ్రీ సీటు" అని ఎవరైనా అంటే బాధపడతావు, నాకు తెలుసు. మన దేశంలో అడుగున ఉన్న కుటుంబం సగటు ఆదాయానికి చేరడానికి ఏడు తరాలు పడుతుందని ఓఈసీడీ అనే అంతర్జాతీయ సంస్థ 2018లో లెక్కగట్టింది. ఆ మాట అనేవాళ్ల తాతలు ఎక్కిన మెట్లు నువ్వు ఒక్కదానివి ఎక్కుతున్నావు, దానికి చేయూత తీసుకోవడంలో తక్కువతనం ఏమీ లేదు.

ఉద్యోగం ఇప్పిస్తామని లక్షలు అడిగే కన్సల్టెన్సీకి ఒక్క రూపాయి ఇవ్వొద్దు. మొదటి జీతం ఆఫర్ లెటర్ మీద మూడున్నర లక్షలు అని ఉంటే చేతికి నెలకు దగ్గర దగ్గర 25 వేలు వస్తుంది. ఊర్లో అందరూ మూడున్నర లక్షలే వింటారు, స్లాబ్ వేద్దామంటారు, పెళ్లి మాటలు మొదలవుతాయి. మొదటి ఏడాది ఆ రెండూ వద్దని నాన్నతో నేను మాట్లాడతా. ముందు మూడు రూపాయల వడ్డీ అప్పు ఉంటే అది తీరాలి, తర్వాత మూడు నెలల ఇంటి ఖర్చు నీ ఖాతాలో కదలకుండా ఉండాలి. నాన్న గోడ మీద నుంచి జారి రెండు నెలలు పని ఆగినా ఇల్లు మళ్లీ అప్పుకు పోకుండా ఆపేది ఆ డబ్బే.

సోమవారం పొద్దున్నే అమ్మతో మీసేవకు వెళ్లు. మెమో, ఆధార్‌లు, పాస్‌బుక్, రెండేసి జిరాక్సులు, నాలుగు ఫోటోలు పట్టుకెళ్లు. తెల్లకాగితం మీద రాసిన పేర్ల పట్టీ ఈ రాత్రికే ఫోటో తీసి నాకు పంపు, తేడాలు నేనూ చూస్తా.

ఇట్లు,
మీ పెదనాన్న