చూడ్డానికేముంది అనుకునే పల్లెల్లో

ప్రశ్న: మాది విజయనగరం. కొండలూ జలపాతాలూ కాకుండా, శ్రీకాకుళం మైదానపు పల్లెల్లో పిల్లలకు చూపించదగ్గవి ఏమున్నాయి?

జవాబు: ఫిబ్రవరిలో వెళ్లండి. టెక్కలి దగ్గర తేలినీలాపురంలో గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ల కొంగలు ఊరి చింతచెట్ల మీదే గూళ్లు కడతాయి. నౌపడ స్టేషన్లో దిగితే దగ్గరే. ఏడింటికల్లా చేరి, ఎండ వీపున పడేలా చెట్టుకు తూర్పున నిలబడండి. ఎదురెండలో రంగులు తెలియవు. తల్లి గూడబాతు ముక్కు కింది సంచిలోకి పిల్ల మెడదాకా తల దూర్చి తినడం ఎనిమిది రెట్ల బైనాక్యులర్‌లో చక్కగా కనిపిస్తుంది. టోపీ మరవద్దు, పైనుంచి రెట్టలు పడతాయి. వాసన ఓర్చుకోవాల్సిందే! చప్పట్లు మాత్రం కొట్టనివ్వకండి. పెద్ద పక్షులు బెదిరి లేస్తే గుడ్లు కాకుల పాలు, గూట్లో పక్షిపిల్లలు నేలపాలు.

తర్వాత నౌపడ ఉప్పుమళ్లు. సముద్రపు నీరు మడి నుంచి మడికి చిక్కబడుతూ, సుమారు 25 బోమే డిగ్రీల (ఉప్పునీటి చిక్కదనపు కొలత) దగ్గర ఉప్పు గింజ కడుతుంది. 30 దాటకముందే మిగిలిన నీరు వదిలేయాలి, లేదంటే మెగ్నీషియం లవణాలు చేరి ఉప్పు చేదెక్కుతుంది, ఊరికే చెమ్మగిల్లుతుంది. గట్లు జారతాయి, పనివాళ్లను అడిగే దిగండి.

ఫిబ్రవరి కుదరకపోతే వానాకాలంలో ఇచ్ఛాపురం వైపు తేలుకుంచి వెళ్లండి. అక్కడివి నత్తగుల్ల కొంగలు. ముక్కు మూసినా మధ్యలో సందు కనిపిస్తుంది.